పట్టేసిన పెడళ్లు

పాత సైకిల్‌ను బాగుచేసి పెట్టమని ఎవరు తెచ్చినా నేను మొదట చూసేది టైర్లను కాదు, చైనును కాదు. కింద కూర్చుని, క్రాంకులోకి, అంటే పెడల్‌ను మోసే ఇనుప చేతిలోకి, పెడల్ ఇరుసు దిగిన చోటు చూస్తాను. అక్కడ రెండు ఇనుములకూ మధ్య సన్నని గీత కనిపిస్తే పని తేలిక. గీత పూడిపోయి, గోటితో గీరితే ఎర్రటి పొడి రాలుతుంటే మాత్రం సైకిల్‌ను కొన్నాళ్లు నా దగ్గర వదిలి వెళ్లమంటాను. టైరు పోతే కొత్తది వేసుకోవచ్చు, చైను తుప్పు పడితే మార్చుకోవచ్చు. పట్టేసిన పెడల్‌తో అలా కుదరదు. దిక్కు తెలియకుండా బలం చూపిస్తే ఇంకా బిగుస్తుంది, లేదంటే క్రాంకు పాడవుతుంది. దాన్ని విప్పే పద్ధతిని నేను హైదరాబాద్‌లో, ముషీరాబాద్‌లోని ఒక చిన్న సైకిల్ షాపులో, బడి వదిలిన తరువాతి సాయంత్రాల్లో నేర్చుకున్నాను. ఆ షాపు ఇప్పుడు లేదు. అక్కడి పద్ధతి అయినా నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

1970లలో ముషీరాబాద్ అంటే చాలామందికి గుర్తొచ్చేది జైలు. ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉన్న స్థలంలోనే ఆ జైలు ఉండేది. ఆసుపత్రి సికింద్రాబాద్ నుంచి అక్కడికి మారింది 2003లో. ఇటు భోలక్‌పూర్‌లో తుక్కు గోదాములు, అటు నిజాం కాలంలో వెలసిన అజామాబాద్ పారిశ్రామికవాడ. చార్మినార్ సిగరెట్లు తయారయ్యే ఫ్యాక్టరీ అక్కడే. చుట్టుపక్కల చిన్నాపెద్దా కార్ఖానాలు ఎన్నో. షిఫ్టు మారే వేళకు గోల్కొండ చౌరస్తా వైపు చూస్తే సైకిళ్లే సైకిళ్లు. హీరో, అట్లస్, హెర్క్యులిస్, అక్కడక్కడా ఎంతో శ్రద్ధగా తుడుచుకున్న రాలీ. అన్నీ నల్లవే, అన్నిటికీ రాడ్డు బ్రేకులే, 28 అంగుళాల చక్రాలే. హ్యాండిల్‌కు టిఫిను డబ్బా, క్యారియర్ మీద మడిచిన గోనెసంచి. మా నాన్న కూడా ఆ గుంపులోనే వచ్చేవాడు. ఆయన అజామాబాద్‌లో ఫిట్టరు. అందరి బెల్లులూ ఒకే రకంగా మోగుతున్నా మలుపు దగ్గర ఆయన బెల్లును నేను గుర్తుపట్టేవాణ్ణి.

మా వీధి మొదట్లో ఉండేది ఉస్తాద్ షాపు. బోర్డు లేదు, అవసరమూ లేదు. ఒకటే మడిగె, ముందు రేకుల పంచ. పంచలో అద్దె సైకిళ్లు వరుసగా నిలబెట్టి ఉండేవి. వెనక మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో అంకెలు. పక్కన పంచర్ చూసే నీళ్ల తొట్టి, గాలి పంపు. లోపల గోడకు మేకులు కొట్టి పానాలు తగిలించేవాడు. రెండు చివర్లా బొడిపెలున్న డంబెల్ పానా మాకు పిల్లలకు ఎంతో ఇష్టం. దాన్నొక్కదాన్నే ముట్టుకోనిచ్చేవాడు. గదికి నడుమ, నేలలో పాతిన మందపాటి మొద్దు మీద ఒక వైసు, వస్తువును దవడల మధ్య బిగించి పట్టేది. ఆ వైసును ఆయన జుమ్మెరాత్ బజారులో పాత సామానులో కొన్నాడట. దవడల మీది గీతలు అరిగి నున్నబడితే మా నాన్న కార్ఖానా నుంచి వస్తూ ఒక ఆకురాయి తెచ్చి మళ్లీ గీతలు తీసి పెట్టాడు. అప్పటినుంచి ఉస్తాద్ మా సైకిల్‌కు గాలి డబ్బులు తీసుకోలేదు.

ఉస్తాద్ వయసు మాకు తెలియదు. గడ్డం సగం నెరిసింది. చదువు లేదని తనే చెప్పేవాడు. కానీ పెడల్ ఇరుసును చేతిలోకి తీసుకుంటే చాలు, వేలితో మర మీద, అంటే ఇరుసు చివరి స్క్రూ చుట్ల మీద, ఒక్కసారి తడిమి ఎడమదో కుడిదో చెప్పేవాడు. ఇరుసు చివర ఎల్ అనో ఆర్ అనో గుర్తు కొట్టి ఉంటుందని నాకు తరువాతెప్పుడో తెలిసింది. ఆయనకు ఆ గుర్తుతో పనిలేదు.

పెడళ్లు ఎందుకు పట్టేస్తాయో చెప్పాలి. మొదటి కారణం వాన. పెడల్ నేలకు దగ్గరగా తిరుగుతుంది. ముందు చక్రం చిమ్మే బురదనీళ్లన్నీ దాని మీదే పడతాయి. నీరు మరలోకి చేరుతుంది, ఇనుము తుప్పుగా మారుతుంది. తుప్పుకు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. మరలో చోటు లేదు కాబట్టి రెండు పక్కలా ఒత్తుకుంటూ బిగిస్తుంది. రెండో కారణం, బిగించేటప్పుడు మరకు గ్రీజు రాయకపోవడం. కొత్త సైకిల్ బిగించి ఇచ్చే తొందరలో చాలామంది ఈ ఒక్క పని వదిలేస్తారు. చిటికెడు గ్రీజు రాసి ఉంటే ముప్పై ఏళ్ల తరువాత కూడా పెడల్ చేతికి వచ్చేస్తుంది. అలాంటివి నేను చూశాను. మూడో కారణం తొక్కుడు. తొక్కేకొద్దీ పెడల్ తనంతట తానే ఇంకాస్త బిగుస్తుంది. రిక్షాలలో ఇది మరీ ఎక్కువ. మన ఊరు ఎత్తుపల్లాల ఊరు. ఎత్తు వచ్చినప్పుడు రిక్షా అన్న సీటు వదిలి, ఒళ్లంతా ఒక పెడల్ మీద మోపి తొక్కేవాడు. ఆ బరువంతా ఏళ్ల తరబడి మర మీద పడేది. రిక్షా పెడల్ విప్పాలంటే ఉస్తాద్ చొక్కా విప్పి పక్కన పెట్టేవాడు.

సముద్రం పక్క ఊళ్లవాళ్ల కష్టం వేరు. కాకినాడలో మా మేనత్త వాళ్లింటి సైకిల్ నాలుగు వానలకే కొరుక్కుపోయింది. ఉప్పుగాలికి ఇనుము ఆగదు. ఆ లెక్కన హైదరాబాద్ పొడి గాలి పాత సైకిళ్లకు గొప్ప మేలు చేసింది. ఈ ఊళ్లో రేకుల షెడ్లలో ఇంకా ఇన్ని సైకిళ్లు నిలిచి ఉన్నాయంటే అదొక కారణమని నా నమ్మకం.

ఇక నాలుగో కారణం. మనుషులు చేజేతులా చేసేది ఇదే. ఎడమ పెడల్ మర అన్ని మరల్లాంటిది కాదు. అది ఉల్టా చూడీ, అంటే ఎదురు మర. కుడి పెడల్‌ను మామూలు మర లాగా గడియారపు ముల్లుకు ఎదురుగా తిప్పితే వదులవుతుంది. ఎడమది ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. ఈ సంగతి తెలియనివాళ్లు ఎడమ పెడల్‌ను విప్పుతున్నామనుకుంటూ గట్టిగా బిగించేస్తారు. రాకపోతే పైపు తగిలించి ఇంకా బిగిస్తారు. షాపుకు వచ్చే మొండి పెడళ్లలో సగానికి సగం ఇలా బిగిసినవే. అవన్నీ ఎడమవే. ఉస్తాద్ కోప్పడేవాడు కాదు. "ఎంత తిప్పారు అన్నా?" అని మాత్రం అడిగేవాడు. ఆ జవాబును బట్టి ఎన్నాళ్లు నూనెలో నాననివ్వాలో లెక్క వేసుకునేవాడు.

పిల్లలకు కుడి ఎడమలు, గడియారపు ముళ్లు చెబితే తికమక పడతారని ఆయన ఒకే ఒక్క సూత్రం చెప్పాడు. "బేటా, పానా పెట్టి దాని తోకను ఆకాశం వైపు నిలబెట్టు. ఇప్పుడు ఆ తోకను వెనక చక్రం వైపు పడగొట్టు. అటువైపు పెడల్ అయినా ఇటువైపు పెడల్ అయినా విప్పడమంటే వెనక్కే, బిగించడమంటే ముందుకే." ఇంతకంటే సులువుగా ఎవరూ చెప్పలేరు. ఇప్పటికీ పెడల్ మీద చెయ్యి వేసే ముందు ఈ మాట నోటితో అనుకుని మొదలుపెడతాను. మీరు సైకిల్‌ను తలకిందులుగా పెట్టి పని చేసినా ఇదే వర్తిస్తుంది, కానీ అప్పుడు పానా తోకను నేల వైపు నిలపాలి. అందుకే ఉస్తాద్ పెడల్ పనికి సైకిల్‌ను బోర్లించేవాడు కాదు.

ఉల్టా చూడీ ఎందుకు పెట్టారని నేను అడిగితే ఉస్తాద్ నవ్వి, అది మీ నాన్ననే అడగమన్నాడు. నాన్న ఆదివారం షాపుకు వచ్చినప్పుడు అడిగాను. ఆయన నా చేత బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టించి, అందులో తన పెన్సిల్ పెట్టాడు. పెన్సిల్‌ను సున్నా అంచుకు ఆనిస్తూ గుండ్రంగా, కుడి నుంచి ఎడమకు తిప్పాడు. పెన్సిల్ మాత్రం తన చుట్టూ తాను ఎదురు దిక్కులో దొర్లింది. "మనం తొక్కేటప్పుడు క్రాంకు రంధ్రంలో ఇరుసు ఇలాగే దొర్లుతుంది. ఎంత గట్టిగా బిగించినా వెంట్రుకవాసి సందు ఉండనే ఉంటుంది. కుడివైపు ఆ దొర్లడం బిగించే దిక్కులో ఉంటుంది. ఎడమవైపు కూడా మామూలు మరే పెడితే ఆ దొర్లడానికి రోజూ కొంచెం కొంచెం ఊడి, నడిరోడ్డు మీద కాలికింద పెడల్ జారిపోతుంది. అందుకని ఎడమకు ఎదురు మర" అన్నాడు. తరువాత చాలా ఏళ్లకు ఒక సంగతి చదివి ఎంత సంతోషించానో. విమానం కనిపెట్టిన రైట్ సోదరులు అంతకుముందు అమెరికాలో డేటన్ అనే ఊళ్లో సైకిళ్లు తయారుచేసి అమ్మేవారు. తమ సైకిళ్ల ఎడమ పెడళ్లకు ఈ ఎదురు మర పెట్టి, ఊడిపోని పెడల్ అని 1900 ప్రాంతంలో చెప్పుకున్నారట. 1903లో ఆకాశానికి ఎగిరినవాళ్లు అంతకు ముందు ఇదే మర దగ్గర వంగి కూర్చున్నారు. నాన్న ఉన్నప్పుడు ఇది తెలిసి ఉంటే ఆయనకు చెప్పేవాణ్ణి.

నాన్న చెప్పినదానిలో ఇంకో మాట కూడా ఉంది, అది మెకానిక్కులు కూడా తక్కువమంది పట్టించుకుంటారు. పెడల్ తిరగడానికి లోపల ఉండే ఇనుప గుండ్లు, అంటే బాల్స్, పూర్తిగా పట్టేసి పెడల్ తిరగకుండా ఆగిపోయిందనుకోండి. అప్పుడు పాదం ఇరుసును పట్టుకున్నట్టే, క్రాంకు మాత్రం ముందుకు తిరుగుతుంది. ఆ దిక్కు ఊడే దిక్కు. అంటే కాలు మెలి తిరిగే ప్రమాదం వస్తే పెడలే ఊడి వచ్చేస్తుంది. ఆలోచించి చేసినవాళ్లు ఎంత ఆలోచించి చేశారో!

ఆ షాపులో నా మొదటి ఉద్యోగం బరువుగా ఉండడం. మాటవరసకు చెప్పడం లేదు, నిజంగా అదే పని. ఉస్తాద్ విప్పాల్సిన పెడల్ ఉన్న క్రాంకును ముందుకు, నేలకు సమాంతరంగా పెట్టేవాడు. పానాను ఆ క్రాంకు పక్కనే వెనక్కి చూసేలా తగిలించేవాడు. ఇప్పుడు పానాను కిందికి నొక్కితే పెడల్ వదులవ్వాలి, కానీ క్రాంకు కూడా దానితో పాటు కిందికి జారిపోతుంది. అది జారకుండా వెనకవైపున్న రెండో పెడల్ మీద ఒకరు నిలబడాలి. ఆ ఒకరు నేను. సీటు పట్టుకుని, ఒంటికాలి మీద, ఊపిరి బిగబట్టి నిలబడేవాణ్ణి. ఉస్తాద్ పానా మీద అరచెయ్యి ఆనించి, ఒక్కసారిగా ఒళ్లు వాల్చేవాడు. ఎడమ పెడల్ అయినా కుడి పెడల్ అయినా ఇదే భంగిమ: క్రాంకు ముందుకు, పానా వెనక్కి, నొక్కుడు కిందికి. మామూలు పెడళ్లు ఇక్కడితో లొంగేవి. టక్కుమని ఒక చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు నా కాలికింద ఉన్న పెడల్ దాకా పాకి అరికాలికి తెలిసేది. ఈ రోజుకూ సైకిల్ పనిలో నాకు ఆ చప్పుడు కంటే ఇష్టమైనది లేదు.

ఇక్కడ పానా గురించి ఒక మాట. పెడల్ ఇరుసు మీద పానా పట్టే చదునైన అంచులు చాలా సన్నగా ఉంటాయి. మందపాటి పానా లోపలికి దూరదు, సగమే పట్టి జారిపోతుంది. ఒకసారి అంచులు గుండ్రబడితే తరువాత ఏ పానా పట్టదు. 15 మిల్లీమీటర్ల సన్న పానా పొడుగు పిడితో రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. ఉస్తాద్ మాత్రం మామూలు పానానే ఒకదాన్ని రాయి మీద అరగదీసి పలచబరుచుకున్నాడు. స్క్రూ పానా పెట్టి పెడల్ విప్పబోయేవాళ్లను చూస్తే ఆయన ప్రాణం విలవిల్లాడేది. చేతిలోంచి లాగేసుకున్నంత పని చేసేవాడు.

టక్కుమనని పెడళ్ల సంగతే అసలు సంగతి. వాటికి ఉస్తాద్ మొదటి మందు కిరోసిన్, దానిలో కాస్త పలచని నూనె. సైకిల్‌ను పక్కకు పడుకోబెట్టి, క్రాంకు లోపలివైపు నుంచి, అంటే ఇరుసు చివర కనిపించే చిన్న రంధ్రం వైపు నుంచి చుక్కలు వేసేవాడు. అందరూ పెడల్ వైపు నుంచే వేస్తారు. అటు ఇరుసు భుజం క్రాంకుకు అతుక్కుని ఉంటుంది కాబట్టి నూనె పైపైనే జారిపోతుంది. లోపలివైపు నుంచి వేస్తే మర వెంట మెల్లగా దిగుతుంది. వేసి, చిన్న సుత్తితో క్రాంకు చివర చుట్టూ తట్టేవాడు. గట్టిగా కాదు, తలుపు తట్టినంత. ఆ అదురుకు తుప్పులో పగుళ్లు పడతాయి, పగుళ్లలోకి నూనె పోతుంది. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి. సైకిల్ యజమాని వచ్చి ఇంకా కాలేదా అని గొడవ చేసేవాడు. "అన్నా, తుప్పు పట్టడానికి పదేళ్లు పట్టింది. విడవడానికి నాలుగు రోజులు ఇవ్వవా?" అనేవాడు ఉస్తాద్. అప్పటికి ఒక అద్దె సైకిల్ ఇచ్చి పంపేవాడు, అద్దె లేకుండా.

విప్పబోయేటప్పుడు కూడా ముందుగా బిగించే దిక్కుకు ఒక పిసరు ఒత్తి, వెంటనే విప్పే దిక్కుకు లాగేవాడు. తుప్పు గట్టిదే కానీ పెళుసు. ఎటు కదిలినా అది విరగడమే మనకు కావాల్సింది.

అప్పటికీ రాకపోతే క్రాంకును సైకిల్ నుంచి విప్పేసేవాడు. ఆ రోజుల సైకిళ్లకు క్రాంకును కాటర్ పట్టి ఉంచుతుంది. వేలంత లావు మేకు, ఒకవైపు ఏటవాలుగా చెక్కి ఉంటుంది, చివర నట్టు. కాటర్ తీయడం చేతకానివాళ్లు నట్టు పూర్తిగా విప్పి మర మీదే సుత్తి దెబ్బ వేస్తారు. మర చిట్లి, కాటర్ ఇక చచ్చినా రాదు. ఉస్తాద్ నట్టును కాటర్ చివరతో సమంగా వచ్చేదాకా మాత్రమే వదులు చేసేవాడు. క్రాంకు కింద ఒక ఇనుప గొట్టాన్ని నిలబెట్టి, కాటర్ తల ఆ గొట్టం నోట్లోకి వచ్చేలా చూసుకుని, పైనుంచి ఒకటే దెబ్బ. గొట్టం లేకుండా కొడితే ఆ దెబ్బ అంతా లోపలి బాల్స్ మీద, కప్పుల మీద పడుతుంది. గొట్టం ఉంటే నేల మీద పడుతుంది. ఆ గొట్టం పట్టుకునే పని కూడా నాదే. సుత్తి దిగేటప్పుడు కళ్లు మూసుకోకూడదని ఆయన షరతు.

తరువాత పెడల్‌ను ఒలిచేవాడు. మూత, నట్టు, వాషరు, కోను. అంగుళంలో ముప్పైరెండో వంతులు అయిదు ఉండే చిన్న చిన్న బాల్స్ పళ్లెంలోకి జలజల రాలేవి. రబ్బరు దిమ్మెలతో సహా పెడల్ ఒళ్లంతా ఊడి పక్కకు వచ్చేసేది. ఇప్పుడు క్రాంకుకు మిగిలింది ఒట్టి ఇరుసు. ఆ ఇరుసు చదును అంచులను వైసు దవడల్లో పెట్టి, మా నాన్న తీసిన గీతలు బాగా కరిచేలా బిగించేవాడు. ఇంతవరకూ క్రాంకు కదలకుండా ఇరుసును తిప్పాలని చూశాం. ఇప్పుడు ఇరుసు కదలదు, తిరగాల్సింది క్రాంకు. పానా జారే భయం లేదు. అంచులు గుండ్రబడిన ఇరుసు అయినా వైసు పట్టు ముందు నిలవదు. కుడి క్రాంకు అయితే దానికి చైను చక్రం అతికి ఉంటుంది. గోనెసంచి కప్పి, ఆ చక్రాన్నే రెండు చేతులా పట్టి తిప్పేవాడు. ఎడమ క్రాంకు అయితే రెండడుగుల పైపు తొడిగేవాడు. క్రాంకు ఆరున్నర అంగుళాలే, పైపు తొడిగితే పట్టుకునే పిడి బారవుతుంది. ఇంక కావాల్సింది తొందరపడకపోవడమే. ఒక్క ఊపుతో కాకుండా, బరువును అలా ఆనించి ఉంచి, మెల్లమెల్లగా పెంచేవాడు. మొదట కిర్రుమనేది, తరువాత పిసరు కదిలేది. కదిలిన వెంటనే ఆపి మళ్లీ నూనె వేసేవాడు. వెనక్కి ముందుకు, వెనక్కి ముందుకు ఆడిస్తూ తెచ్చేవాడు. ఒకేసారి లాగేస్తే తుప్పు పొడి మరలో అడ్డుపడి మరను కోసేస్తుంది. అంగుళానికి 20 చుట్ల మర అది. చుట్లు చాలా సన్నవి, ఒక్కటి దెబ్బతిన్నా కొత్త పెడల్ సరిగా ఎక్కదు.

కొలిమి దాకా వెళ్లింది అరుదు. అప్పుడు క్రాంకును సంచిలో వేసుకుని ఇద్దరం భోలక్‌పూర్ వైపు ఒక కమ్మరి దగ్గరికి నడిచేవాళ్లం. క్రాంకు చివరను ఎర్రబడేదాకా కాల్చనిచ్చేవాడు కాదు. నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి, అంతే. వేడికి రంధ్రం వ్యాకోచిస్తుంది. ఆ వేడి మీద కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మర లోపలికి పాకిపోతుంది. అక్కడే కమ్మరి వైసులో పెట్టి తిప్పితే వచ్చేసేది. మెరుగు పూత మాత్రం ఆ కాస్త మేర రంగు మారేది, అందుకని ఉస్తాద్‌కు నచ్చేది కాదు. ఇంకో సంగతి, కిరోసిన్‌లో నానిన క్రాంకును పూర్తిగా తుడిచి ఆరబెట్టనిదే నిప్పు దగ్గరికి తీసుకెళ్లేవాడు కాదు. ఇంట్లో ప్రయత్నించేవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ఇంత కష్టం ఎందుకు, ఇరుసును కోసి పారేయవచ్చుగా అని ఒక కుర్రవాడు అడిగాడు. ఉస్తాద్ చెప్పిన జవాబు నాకు బాగా గుర్తుంది. "పెడల్ పోతే పోనీ. క్రాంకు బతకాలి. క్రాంకు పోతే దాని చైను చక్రం పోతుంది, చైను చక్రం పోతే చైను కుదరదు. ఒక తుప్పు కోసం సగం సైకిల్ మారుస్తావా?" ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు కూలీలు, పాలవాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు. వాళ్లకు కొత్త క్రాంకు జత అంటే కొన్ని రోజుల సంపాదన. ఆయన ఓపిక వెనక ఆ లెక్క ఉంది. ఈ రోజు చాలా షాపుల్లో పెడల్ రాకపోతే గ్రైండరు తీస్తారు, లేదా జత మొత్తం మార్చమంటారు. వాళ్ల గంటకు వాళ్ల విలువ ఉంది, కాదనను. కానీ అప్పటి దిట్టమైన ఉక్కు క్రాంకులను తుక్కులో చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఇప్పుడు వాటి స్థానంలో అమ్మే చౌక క్రాంకులు వాటికి సాటి రావు.

1980లలో స్కూటర్లు పెరిగాయి, అజామాబాద్ షిఫ్టు వేళ సైకిళ్ల గుంపు పలచబడింది. రిక్షాలు కూడా మెల్లగా కనుమరుగయ్యాయి. ఉస్తాద్ తరువాత ఆ మడిగెలో ఫొటోస్టాట్ మిషను వచ్చింది, ఆ తరువాత ఇంకేదో. నేను బ్యాంకు ఉద్యోగంలో ఊళ్లు తిరిగి, పదవీ విరమణ తరువాత మల్కాజ్‌గిరిలో స్థిరపడ్డాను. ఇంటి వెనక వైసు ఒకటి బిగించుకున్నాను. మొదట తెలిసినవాళ్లు, ఆ తరువాత తెలియనివాళ్లు సైకిళ్లు తేవడం మొదలుపెట్టారు. డబ్బు తీసుకోను. తాతగారి సైకిల్ అని, మామయ్య చదువుకునే రోజుల్లోదని చెబుతారు. ఆ కథ మొత్తం వింటాను.

ఇప్పటి గేరు సైకిళ్లకు వేరే రోగం ఉంది. వాటి క్రాంకు అల్యూమినియం, పెడల్ ఇరుసు ఉక్కు. రెండు వేర్వేరు లోహాల మధ్య తడి చేరితే అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడిగా మారి బిగించేస్తుంది. పక్కింటి అమ్మాయి సైకిల్ ఇలాగే వచ్చింది. అపార్టుమెంటు సెల్లారులో నీళ్లు నిలిచే చోట ఉంచారట. దీనికి వేడి బాగా పనిచేస్తుంది. అదే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి మరిగే నీళ్లు చాలు, కొలిమి అక్కరలేదు. క్రాంకు చివర గుడ్డ చుట్టి మరిగిన నీళ్లు మెల్లగా పోస్తూ ఆ అమ్మాయిని రెండో పెడల్ మీద నిలబెట్టాను. "అంకుల్, నేను కదలకూడదా?" అంది. కదలకూడదన్నాను. టక్కుమంది. అరికాలికి తెలిసిందా అని అడిగితే తెలిసిందని కళ్లు పెద్దవి చేసింది.

ఈ కొత్త పెడళ్లలో చాలావాటికి క్రాంకు లోపలివైపు నుంచి ఆరుమూలల తాళం (అలెన్ కీ) పట్టే గుంట కూడా ఉంటుంది. లోపలివైపు నుంచి చూస్తూ తిప్పితే దిక్కు తారుమారైనట్టు అనిపించి ఇంకా ఎక్కువమంది పొరబడుతున్నారు. ఉస్తాద్ సూత్రం అక్కడా చెల్లుతుంది. తాళం తోక ఆకాశం వైపు, పడేది వెనక చక్రం వైపు.

నాన్న సైకిల్ మా తమ్ముడి ఇంట్లో, రామ్‌నగర్‌లో, మెట్ల కింద ఉండిపోయింది. మొన్న ఎండాకాలంలో తెచ్చుకున్నాను. కుడి పెడల్ పానాకే వచ్చేసింది. ఎడమది కిరోసిన్‌కు, సుత్తికి, పైపుకు లొంగక, కాటర్ తీసి వైసులో పెట్టాక వచ్చింది. ఇరుసు బయటికి వచ్చాక మరను గుడ్డతో తుడిచి చూస్తే చుట్ల అడుగున నల్లగా, గట్టిపడిన గ్రీజు ఇంకా ఉంది. ఫిట్టరు చెయ్యి పడిన మర కదా. నూనె ఎండిపోయినా చుట్లు ఒక్కటి కూడా చెడలేదు. దువ్వెన పళ్లలా నిలిచి ఉన్నాయి. నాన్నను మెచ్చుకుంటూ అక్కడే చాలాసేపు కూర్చున్నాను.

పాత రబ్బరు దిమ్మెల పెడళ్లు జుమ్మెరాత్ బజారులో వెతికితే దొరుకుతాయి, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ అప్పుడప్పుడు కనిపిస్తాయి. కొనేటప్పుడు ఎల్ ఒకటి, ఆర్ ఒకటి ఉన్నాయో లేదో చూసుకోండి. కుప్పలో రెండూ ఒకే వైపువి తగలడం మామూలే. ఇరుసు లావు కూడా చూడండి. మన సైకిళ్లకు అంగుళంలో పదహారో వంతులు తొమ్మిది, అంటే 14.3 మిల్లీమీటర్లు. కొన్ని పిల్లల సైకిళ్లకు అర అంగుళమే ఉంటుంది, అది పనికిరాదు. ఎక్కించేటప్పుడు మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. వేళ్లతో ఎక్కకపోతే వంకరగా ఎక్కుతోందని అర్థం, పానా ముట్టుకోవద్దు. గ్రీజు రాయడం మాత్రం మరచిపోకండి.

నాన్న సైకిల్‌ను మా మనవడు నానక్‌రామ్‌గూడ దగ్గర 2023లో వేసిన సోలార్ కప్పు సైకిల్ ట్రాకు మీద తొక్కాలంటున్నాడు. 23 కిలోమీటర్ల బాట, పైన నీడ. రాడ్డు బ్రేకుల సైకిల్ అక్కడ బాగా నడుస్తుంది, తీసుకెళ్తాను. దానికంటే ముందు బోయిన్‌పల్లి నుంచి ఒకాయన తన తండ్రిగారి సైకిల్ తెస్తానని ఫోను చేశారు. ఎడమ పెడల్ రావడం లేదట, ఇప్పటికే ఇద్దరు మెకానిక్కులు పైపు వేసి చూశారట. ఎటు తిప్పారని అడిగాను. ఆయనకు తెలియదు. ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా, పొద్దునా సాయంత్రం క్రాంకు లోపలివైపు నుంచి నూనె వేస్తూ, వచ్చే ఆదివారం తీసుకురమ్మన్నాను.